తలకిందుల సలహాలు: పత్రికలకు రాయాలనుకునేవారికి

పత్రికలకు వ్యాసాలు రాయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకు మన దగ్గర కొన్ని సలహాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ముందు రాసేయండి. పెద్ద విషయం ఎంచుకోండి. రాసింది ఎవరైనా పండితుడికి చూపించండి. పంపాక ఓపిగ్గా ఎదురుచూడండి. డబ్బు మాట ఎత్తకండి, బాగుండదు. నాకూ ఇవే చెప్పారు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. మూడేళ్లలో అచ్చయినవి రెండే రెండు.

ఆ తర్వాత ఒక్కో సలహానూ తిరగేసి చూడడం మొదలుపెట్టాను. అలా తిరగేసినవే ఇప్పుడు మీకు చెబుతున్నాను. వినగానే తప్పనిపిస్తాయి. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేసుకుంటూ, ఏ పత్రికలోనూ కొలువు లేకుండా, బయటినుంచే రాస్తూ వీటి మీదే నిలబడ్డాను. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ముందు నా కళ్లు తెరిపించిన ఫోను సంగతి చెప్పాలి. మంగళగిరి నేతపని మీద ఒక వ్యాసం రాసి వారపత్రికకు పంపాను. నిజాం అంచు అందం, చేతిపని గొప్పతనం, అంతరించిపోతున్న కళ, అన్నీ దట్టించాను. నెల తర్వాత ఆ పత్రిక సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మీరు చూసింది గుంట మగ్గమేనా అండీ?"

"అవునండీ."

"మరి వానాకాలంలో గుంటలోకి నీళ్లు రావా? వస్తే పని ఎన్నాళ్లు ఆగుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మగ్గం పక్కన రెండు గంటలు కూర్చుని వచ్చాను. నేతగాడు కాళ్లు గుంటలో పెట్టుకుని తొక్కుడు చెక్కలు తొక్కుతుంటే చూశాను. ఆ గుంటలోకి మాత్రం తొంగి చూడలేదు. మర్నాడు సెలవు పెట్టి గుంటూరులో బస్సెక్కాను. "ఏమ్మా, మళ్లీ వచ్చావు?" అన్నాడు పెద్దాయన. సంగతి చెప్పాను. ఏమీ మాట్లాడకుండా మగ్గం మీదనుంచి లేచి, టార్చిలైటు తెచ్చి గుంట లోపలి గోడ మీద వేశాడు. మోకాటి ఎత్తున గోడ చుట్టూ మట్టిరంగు గీత. పోయిన ఏడాది వానకు నీళ్లు అంతవరకు వచ్చాయట. నీళ్లు తోడేశాక కూడా నేల చెమ్మ ఆరదు. గంజి పెట్టిన పడుగు వీధిలో ఆరాలి, ముసురు పడితే అదీ ఆరదు. పని లేని రోజులకు కూలీ లేదు.

నేను పంపిన నాలుగు పేజీల్లో లేనిది ఆ గీతలో ఉంది. సంపాదకుడికి కావలసింది నా వాక్యాలు కావని, నేను వెళ్లి చూసి తెచ్చేది అని అప్పుడు తెలిసింది. కింది సలహాలన్నిటికీ మొదలు ఆ గుంట గోడే.

1. రాయకముందే ఉత్తరం రాయండి

మన పత్రికలకు మొత్తం రచన రాసి పంపడమే అలవాటు. కథకు, కవితకు, సొంత జ్ఞాపకాల వ్యాసానికి అది సరే. వాటిలో విషయమూ చెప్పే తీరూ ఒకటే, రాసి చూపిస్తే తప్ప తెలియదు. ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి రాసే వ్యాసానికి మాత్రం ముందు అడగండి. "ఈ సంగతి ఉంది, ఇలా రాస్తాను, మీకు పనికొస్తుందా?" అని పది పదిహేను వాక్యాల ఉత్తరం చాలు. ఇంగ్లీషు పత్రికలవాళ్లు దీన్నే పిచ్ అంటారు. అక్కడ అది లేనిదే పని మొదలవదు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు గానీ, ఇలా అడిగితే కాదనే సంపాదకుడు నాకైతే తగల్లేదు. వాళ్లకూ టైము మిగులుతుంది.

అడిగితే ఇంకో మేలుంది. "ఇది పోయిన నెలే వేశాం, కానీ ఇందులో ఆడవాళ్ల పని గురించి రాస్తారా?" అని వాళ్లే దారి చూపిస్తారు. రాసేశాక అడిగితే ఆ మార్పుకు మన మనసు ఒప్పుకోదు.

పాలగుమ్మి సాయినాథ్ 1993లో బ్లిట్జ్ పత్రికలో ఉద్యోగం వదిలి టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. దేశంలోని నిరుపేద జిల్లాలకు వెళ్లి చూస్తాననేది ఆయన ప్రతిపాదన. అప్పటికి ఆ కథనాల్లో ఒక్కటీ రాసి లేదు. ఎక్కడికి వెళతారో, ఏం చూస్తారో స్పష్టంగా ఉంది. అలా వచ్చినవి 84 కథనాలు. వాటిలో చాలావాటిని కలిపి 1996లో పుస్తకంగా తెచ్చారు. అది ఇవాళ్టికీ జర్నలిజం విద్యార్థులు చదువుతున్న పుస్తకం. రాతకంటే ముందు ప్రతిపాదన వస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

2. పెద్ద విషయాన్ని వదిలేయండి

మొదట్లో నేను ఒక పత్రికకు రాసిన ఉత్తరం ఇది:

"కొండపల్లి బొమ్మలకు ఘనమైన చరిత్ర ఉంది. ఆ కళ నేడు అంతరించిపోతోంది. దానిపై సమగ్రమైన వ్యాసం రాయదలిచాను. అవకాశం ఇవ్వగలరు."

జవాబు రాలేదు. రాదు కూడా. ఇందులో ప్రతి మాటా ఆ సంపాదకుడు వందసార్లు చదివిందే. "సమగ్రం" అన్న చోటే ఆయన పక్కన పెట్టేసి ఉంటారు. సమగ్రంగా రాస్తానన్నవాళ్లు ఏదీ దగ్గరగా చూడలేదని ఆయనకు అనుభవం.

ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"కొండపల్లి బొమ్మకు చేతులు, తల విడిగా చెక్కి మొండేనికి అతికిస్తారు. అతికేది చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి ఇంట్లోనే చేసుకునే మక్కుతో. చెక్కేది తేలికైన తెల్ల పొణికి కర్రను. కర్ర ఇంటికి వచ్చిన రోజునుంచి బొమ్మ కొట్టుకు వెళ్లేదాకా ఒకే ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో, ఏ పనికి ఎంత గిడుతుందో అక్కడే కూర్చుని చూసి రాస్తాను. రెండుసార్లు వెళ్లొచ్చాను. ఆ కుటుంబం ఒప్పుకుంది. 800 మాటలు, 4 ఫొటోలు. వచ్చే నెల 20కల్లా ఇవ్వగలను."

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాంట్లో కళ గొప్పదన్న మాటే లేదు. ఆ గొప్పతనం మక్కులోనూ పొణికిలోనూ కనిపిస్తుంది. ఒకే ఇల్లు, ఒకే ప్రశ్న, ఇన్ని మాటలు, ఫలానా తేదీ. సంపాదకుడు తన పేజీలో దానికి చోటు లెక్కేసుకోగలడు. ముఖ్యంగా "రెండుసార్లు వెళ్లొచ్చాను" అన్న వాక్యం చూసి, ఈ మనిషి తిరిగే మనిషి అని నమ్ముతాడు.

మా ఊళ్లో రాయడానికేముంది అనేవాళ్లకు గోలకొండ కవుల సంచిక గుర్తు చేస్తాను. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట అచ్చులో వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరా వెదికించి 354 మంది కవుల రచనలూ వివరాలూ కూర్చి 1934లో ఆ సంచిక తెచ్చారు. ఒక్కొక్క పేరూ చిన్నదే. ఏదో ఒక పల్లెలో, ఎవరో ఒకరి ఇంట్లో ఉన్నదే. "ఏమీ లేదు" అన్న మాటకు చిన్నచిన్న వివరాలే పెద్ద జవాబయ్యాయి.

3. మీ గురించి చెప్పకండి

కొత్తవాళ్ల ఉత్తరాల్లో సగం వాళ్ల గురించే ఉంటుంది. చిన్నప్పటినుంచి సాహిత్యమంటే ప్రాణం, కాలేజీలో బహుమతులొచ్చాయి, ఫలానా రచయిత మెచ్చుకున్నారు. వాటిలో అబద్ధమేమీ లేకపోవచ్చు. అయినా చదివే మనిషికి అవి పనికిరావు. మీ గురించి ఒక్క వాక్యం చాలు. అదీ ఈ వ్యాసానికి సంబంధించింది. "మా నాన్నగారు ముప్పై ఏళ్లు రైసు మిల్లులో గుమస్తా" అన్న వాక్యం మిల్లు మీద వ్యాసానికి ఏ డిగ్రీకంటే కూడా బలం.

ఇంతకుముందు ఎక్కడా అచ్చుకాలేదా? క్షమాపణ చెప్పుకోకండి, ఆ ప్రస్తావనే వద్దు. విషయం గట్టిగా ఉంటే ఎవరూ అడగరు.

4. పత్రికను వెనకనుంచి చదవండి

ముఖచిత్ర కథనం చూసి అలాంటిది రాయాలని కూర్చోకండి. అది చాలావరకు ఆఫీసులో ఉన్నవాళ్ల పని. చివరి పేజీలనుంచి ముందుకు రండి. పాఠకుల లేఖలు, అరపేజీ అనుభవాలు, ఒక ఊరి పరిచయం, ఒక వృత్తి పరిచయం. బయటివాళ్ల పేర్లు కనిపించేది అక్కడే. ఆదివారం అనుబంధాలు ఈనాడుకు, సాక్షికి, ఆంధ్రజ్యోతికి, నమస్తే తెలంగాణకు దేనికవే. అన్నీ ఒకటేననుకుని ఒకే వ్యాసాన్ని అన్నిటికీ పంపడం పెద్ద పొరపాటు. ఆంధ్రజ్యోతిలో సోమవారం వచ్చే "వివిధ" సాహిత్య చర్చకు. సంపాదకీయం పేజీ వ్యాసానికి ఆ వారం వార్తతో ముడి ఉండాలి. 1998లో మొదలైన "ఈమాట" లాంటి జాలపత్రికలో తీరుబడిగా సాగే వ్యాసానికి చోటుంటుంది.

మీరు రాయదలచుకున్న పత్రికవి ఎనిమిది సంచికలు తీసుకోండి. బయటివాళ్లు రాసిన ప్రతి ముక్కకూ మాటలు లెక్కపెట్టండి. ఎలా మొదలైంది, ఎవరితో మాట్లాడారు, ఫొటోలెన్ని అని నోటుబుక్కులో రాసుకోండి. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. పత్రిక లోపల ఎవరూ చెప్పని నియమాలు ఆ లెక్కలో బయటపడతాయి. నేను పంపిన మొదటి వ్యాసాలు 1,800 మాటలు. ఆ పేజీలో 700 దాటిన వ్యాసం ఎప్పుడూ రాలేదని మూడేళ్లకుగానీ లెక్కపెట్టలేదు.

5. సంక్రాంతి గురించి దసరాకే రాయండి

పండగ ముందు వారంలో ఆ పండగ గురించి రాయబుద్ధవుతుంది. మనసుకు అది సహజం. పత్రికకు అప్పటికే ఆలస్యం. ఆదివారం పుస్తకం చాలా రోజుల ముందే అచ్చుకు వెళ్లిపోతుంది. ప్రత్యేక సంచికల పని అంతకంటే ముందే మొదలవుతుంది. అందుకే గొబ్బెమ్మల సంగతి దసరా నాడు ప్రతిపాదించాలి. ఆవకాయ వ్యాసం మామిడి పూతప్పుడే చెప్పాలి.

దీనికో చిట్కా. పండగో, పంటో, వానో, పెళ్లిళ్ల కాలమో వచ్చినప్పుడు రాయకండి, చూడండి. ఫొటోలు తీసుకోండి, మాటలు రాసుకోండి, తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది మూడు నెలల ముందు తీసి ఉత్తరం రాయండి. మిగతావాళ్లంతా ఊహించి రాస్తుంటారు. మీ దగ్గర పోయిన సంక్రాంతి నాటి నోటుబుక్కు ఉంటుంది.

6. జవాబు కోసం ఎదురుచూడకండి

మా పెద్దవాళ్ల కాలంలో రచనతోపాటు స్టాంపులు అతికించి, సొంత చిరునామా రాసిన కవరు కూడా జతచేసేవారు. వద్దనుకుంటే పత్రికవాళ్లు అందులో తిప్పి పంపేవారు. గుమ్మంలో పడిన కవరు బరువుగా ఉంటే చాలు, విప్పకుండానే సంగతి తెలిసిపోయేదట. ఇప్పుడు ఆ కవరూ లేదు. మౌనమే జవాబు.

ఆ మౌనాన్ని అవమానంగా తీసుకుని ఏడాది రాయడం మానేసినదాన్ని నేను. తర్వాత ఒక లెక్క పెట్టుకున్నాను. పంపిన మూడు వారాలకు ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తు చేస్తాను. ఇంకో రెండు వారాలు చూస్తాను. అప్పటికీ పలుకు లేకపోతే "ఈ ప్రతిపాదనను వేరే పత్రికకు పంపుతున్నాను, గమనించగలరు" అని మర్యాదగా ఒక మాట రాసి వెనక్కి తీసుకుంటాను. ఆ మాట రాయకుండా ఇంకోచోటికి పంపకండి. "ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదమో అనుసరణో కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు" అని మనం సంతకం చేసి ఇచ్చే హామీ పత్రం ఉత్త లాంఛనం కాదు. ఒకే వ్యాసం ఒకే ఆదివారం రెండు పత్రికల్లో వస్తే రెండు తలుపులూ మూసుకుపోతాయి.

ఈలోగా ఖాళీగా కూర్చోకండి. ఒక ఉత్తరం వెళ్లిన రోజే రెండోదానికి తిరగడం మొదలుపెట్టండి. నాలుగు ఉత్తరాలు నాలుగు చోట్ల ఉన్నప్పుడు ఒకదాని మౌనం అంత బాధపెట్టదు.

7. డబ్బు మాట ముందే ఎత్తండి

దీనికి చాలామంది నొచ్చుకుంటారు. అచ్చులో పేరు చూసుకోవడమే పారితోషికం అనే పెంపకం మనది. ఒక పత్రిక నా వ్యాసాలు వరసగా మూడు వేసింది. నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. నాలుగోది పంపేముందు అడిగితే, "మీరు ఉచితంగా రాస్తున్నారనుకున్నాం" అన్నారు. వాళ్ల మాటలో నాకు కోపం తెప్పించిందల్లా అందులోని నిజమే. నేను చెప్పలేదు మరి.

ఉత్తరం ఒప్పుకున్నాక, పని మొదలుపెట్టే ముందు అడగాలి. మొదటి ఉత్తరంలోనే అక్కర్లేదు, అచ్చయ్యాక మరీ ఆలస్యం. నేను అడిగే తీరు ఇది: "సంతోషమండీ, రాస్తాను. మీ పత్రికలో ఇలాంటి వ్యాసానికి పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారు? ప్రయాణ ఖర్చు ఉంటుందా? బ్యాంకు వివరాలు, పాన్ నంబరు ఎవరికి పంపాలి?" ఇందులో గొంతు పెంచేదేమీ లేదు. ఇవ్వలేమంటే ఇవ్వలేమంటారు. అప్పుడు రాయాలో వద్దో మీరే తేల్చుకోండి. కొన్ని చిన్న పత్రికలకు నేను ఇప్పటికీ ఇష్టంగా ఊరికే రాస్తాను. తెలిసి ఇవ్వడం వేరు, అడగలేక పోగొట్టుకోవడం వేరు.

హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాకుండా బయటినుంచి రాసేవారి రచనకు మొదటి హక్కుదారు రచయితే. ఆ హక్కును ఇంకొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికేనని చట్టం లెక్క. రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. కాబట్టి "సర్వహక్కులూ మావే" అన్న కాగితం వస్తే చదవకుండా సంతకం పెట్టకండి. "పుస్తకంగా వేసుకునే హక్కు నాకు ఉంచండి" అని అడగండి. నేను అడిగిన ప్రతిసారీ ఒప్పుకున్నారు.

8. ఉద్యోగం మానకండి

రచయిత కావాలంటే అన్నీ వదిలి దూకాలన్న మాట వినడానికి బాగుంటుంది. నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. అద్దె కోసం రాసేవాళ్లు ఏది పడితే అది ఒప్పుకుంటారు, రెండోసారి మంగళగిరి వెళ్లే తీరిక ఉండదు.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. ఉద్యోగమే ముడిసరుకు. రావిశాస్త్రి విశాఖలో వకీలు. కోర్టు వరండాలు లేకపోతే "ఆరు సారా కథలు" లేవు. నేను కరెంటు బిల్లుల కౌంటర్లో పనిచేశాను. ఒకరోజు ఇస్త్రీ బండాయన బిల్లు పట్టుకొచ్చి "అమ్మా, బొగ్గు మానేసి ఇంట్లోనే కరెంటు పెట్టె పెట్టుకున్నాను. ఇప్పుడు నాది ఇంటి కనెక్షనా, వ్యాపారం కనెక్షనా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే మా పేటలో ఇస్త్రీవాళ్ల బొగ్గు ఖర్చు, యూనిట్ల లెక్క, వీపు నొప్పి, అన్నీ కలిసి ఒక వ్యాసమైంది. కౌంటరు అవతల నిలబడే ప్రతి మనిషీ ఒక ప్రశ్నతో వస్తాడు. బడి, బ్యాంకు, మందుల షాపు, పొలం, వంటిల్లు, మీరు ఎక్కడ ఉంటే అక్కడ ఆ ప్రశ్నలు వినండి.

9. పండితుడికి కాదు, పనివాళ్లకు వినిపించండి

నా మంగళగిరి వ్యాసం చివరికి అచ్చయింది. గుంటతో మొదలై గుంటతోనే ముగిసింది. అంతకుముందు నా రాత దిద్దిన పెద్దమనిషికి చూపించి, సంధులూ సమాసాలూ సరిచేయించుకుని మరీ పంపాను. పత్రిక పట్టుకుని మగ్గం పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన చదవలేదు, మనవరాలి చేత చదివించుకున్నాడు. కళ్లు మూసుకుని వింటూ ఒకచోట చెయ్యెత్తాడు.

"ఇక్కడ పేక అని రాశావమ్మా. గంజి పెట్టి వీధిలో ఆరేసేది పేక కాదు, పడుగు."

వేలమంది ఇళ్లకు వెళ్లిపోయిన అచ్చులో ఆ తప్పు అలాగే ఉండిపోయింది. వ్యాకరణం దిద్దిన పెద్దమనిషికి అది కనపడలేదు. సబ్ ఎడిటర్‌కూ కనపడలేదు. ఆ తప్పు పట్టగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయనకే నేను వినిపించలేదు.

అప్పటినుంచి ఇదొక నియమం పెట్టుకున్నాను. వ్యాసం పంపే ముందు అందులో పని గురించిన వాక్యాలు ఆ పని చేసేవాళ్లకు ఫోనులోనైనా చదివి వినిపిస్తాను. నా అభిప్రాయాలు మార్చమంటే మార్చను. పనిముట్టు పేరు, కొలత, వరస, కూలి లెక్క మాత్రం వాళ్లు చెప్పినట్టే దిద్దుకుంటాను. వింటూ వింటూ వాళ్లు ఇంకేదో చెబుతారు. తర్వాతి ఉత్తరానికి విషయం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ రోజు కూడా అంతే. పడుగు సంగతి చెప్పాక పెద్దాయన కళ్లు తెరిచి, "గంజి దేంతో కాస్తామో అడగలేదేం?" అన్నాడు.

నోటుబుక్కు తీసి కింద కూర్చున్నాను.